పేరు లేని చీఫ్ డిజైనర్

యూరీ గగారిన్ పేరు మనందరికీ తెలుసు. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి అని చిన్నప్పటి నుంచీ జీకే పుస్తకాల్లో బట్టీ పట్టాం. మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ అనీ తెలుసు, 1957 అనీ తెలుసు. మరి స్పుత్నిక్‌ని పైకి మోసుకెళ్లిన రాకెట్ ఏది? దాన్ని తయారు చేసిందెవరు? మా హాస్టల్లో కొంతమందిని అడిగి చూశాను. ఇస్రో గురించి గంటసేపు మాట్లాడగలిగిన వాళ్లు కూడా ఆ మనిషి పేరు చెప్పలేకపోయారు.

అందులో వాళ్ల తప్పేం లేదు. ఆయన బతికున్నంత కాలం సొంత దేశంలో మామూలు జనానికి కూడా ఆ పేరు తెలియదు. తెలియనివ్వలేదు. పేపర్లలో చీఫ్ డిజైనర్ అని మాత్రమే రాసేవాళ్లు. ఆయన పేరు సెర్గీ పావ్లోవిచ్ కొరొల్యోవ్. సోవియట్ యూనియన్‌లో ద్రవ ఇంధన రాకెట్లతో ఉపగ్రహాలనూ, ఆ తర్వాత మనుషులనూ పైకి పంపిన కార్యక్రమాన్ని నడిపించినవాడు. ఈ సంచికలో ఆయన కథ చెప్పాలనుకుంటున్నాను.

తాతగారి భుజాల మీద నుంచి

కొరొల్యోవ్ 1907 జనవరి 12న జితోమిర్ అనే ఊళ్లో పుట్టాడు. అది ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉంది. నాన్న రష్యన్ భాష చెప్పే టీచర్. మూడేళ్ల వయసులోనే అమ్మానాన్నలు విడిపోయారు. అమ్మ చదువు కోసం కీవ్ వెళ్లింది. పిల్లాడు నీజిన్‌లో అమ్మమ్మా తాతయ్యల దగ్గర పెరిగాడు. నాన్న చనిపోయాడని ఇంట్లో చెప్పారు, నిజానికి ఆయన బతికే ఉన్నాడు. తోటి పిల్లలు పెద్దగా లేని ఇల్లు. 1911లో ఆ ఊరికి ఒక విమానం వచ్చింది. తాతగారి భుజాల మీద కూర్చుని, అది నేల విడిచి లేవడం చూశాడు.

తర్వాత అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది. 1917లో కుటుంబం ఒడెస్సాకి మారింది. విప్లవం, అంతర్యుద్ధం, ఆకలి. స్కూళ్లు సరిగ్గా నడవని రోజులవి. మన భాషలో చెప్పాలంటే ఐటీఐ లాంటి బిల్డింగ్ ట్రేడ్స్ స్కూల్లో చేరి పెంకులు పరచడం, వడ్రంగం నేర్చుకున్నాడు. పక్కనే సముద్ర విమానాల దళం ఉండేది, అక్కడే తిరిగేవాడు. పదిహేడేళ్లకి సొంతంగా ఒక గ్లైడర్ డిజైన్ చేశాడు. అంటే మనం ఇంటర్ రాసి ఎంసెట్ కోచింగ్‌లో కూర్చునే వయసులో.

కీవ్ పాలిటెక్నిక్‌లో రెండేళ్లు, ఆ తర్వాత మాస్కోలో ఇంజినీరింగ్. అక్కడ డిప్లొమా ప్రాజెక్టుకి గైడ్‌గా దొరికింది ఆంద్రేయ్ తుపొలెవ్. విమానాల డిజైన్‌లో ఆ దేశంలోనే పెద్ద పేరు. ఈ గురువుగారిని గుర్తుంచుకోండి, కథలో మళ్లీ వస్తారు, మనం ఊహించని చోట.

చిచ్చుబుడ్డికి నాబ్ ఉండదు

1931లో మాస్కోలో కొందరు కుర్రాళ్లు కలిసి ఒక రాకెట్ గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు గిర్డ్. ఒక నేలమాళిగలో పని, చేతిలో డబ్బుల్లేవు. జీతం లేకుండా పని చేసే ఇంజినీర్ల గ్రూపు అని తమ పేరుకి తామే కొత్త అర్థం చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఫ్రెడ్రిక్ త్సాందర్ అనే ఆయన ఆ గ్రూపుకి ప్రాణం. 1933లో మొదటి రాకెట్ ఎగరకముందే ఆయన టైఫస్‌తో చనిపోయారు. ఆ ఏడాది ఆగస్టు 17న నహాబినో అడవిలో గిర్డ్-09 అనే రాకెట్ పైకి లేచింది. ఎంత ఎత్తు? ఒక 400 మీటర్లు. అంతే. కానీ ద్రవ ఆక్సిజన్ వాడి సోవియట్ యూనియన్‌లో ఎగిరిన మొదటి రాకెట్ అది.

ద్రవ ఇంధనం అంటే ఎందుకంత పట్టుదల? దీపావళి చిచ్చుబుడ్డిని గుర్తు తెచ్చుకోండి. ఒకసారి అంటించాక మందు అయ్యేదాకా కాలుతూనే ఉంటుంది, మధ్యలో ఆపలేం, తగ్గించలేం. ఘన ఇంధన రాకెట్ సుమారుగా అలాంటిదే. ద్రవ ఇంధనం వంటింట్లో గ్యాస్ స్టవ్ లాంటిది. నాబ్ ఉంటుంది. పెంచొచ్చు, తగ్గించొచ్చు, కట్టేయొచ్చు. పైగా అదే బరువుకి ఎక్కువ తోపు ఇస్తుంది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే సెకనుకి దాదాపు 8 కిలోమీటర్ల వేగం కావాలి, అదీ కచ్చితంగా కావాలి. ఆ రోజుల్లో అంత దూరం తీసుకెళ్లగలిగింది ద్రవ ఇంధనమే.

కానీ దానితో ఇబ్బందులూ అన్నే. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ట్యాంకులో పోసిన క్షణం నుంచీ ఆవిరైపోతూనే ఉంటుంది. పంపులు, వాల్వులు, పైపులు, గడ్డకట్టే సీళ్లు. ఒక్క వాల్వు మొరాయిస్తే మొత్తం కథ ముగిసినట్టే. కొరొల్యోవ్ జీవితమంతా ఈ వాల్వుల మధ్యే గడిచింది.

1938

1938 జూన్ 27 రాత్రి కొరొల్యోవ్‌ని ఇంట్లోంచి తీసుకెళ్లారు. స్టాలిన్ రోజులవి. ఆయన పని చేస్తున్న రాకెట్ సంస్థ డైరెక్టర్‌నీ, చీఫ్ ఇంజినీర్‌నీ అప్పటికే కాల్చి చంపేశారు. ఇంజిన్లు చేసే వాలెంటిన్ గ్లుష్కో కూడా అప్పటికే జైల్లో ఉన్నారు. వాళ్ల నుంచి రాబట్టిన వాంగ్మూలాలనే కొరొల్యోవ్ మీద సాక్ష్యంగా పెట్టారు. గ్లుష్కోది కూడా అందులో ఉంది. ఆరోపణ ఏంటంటే, కావాలనే రాకెట్ పనిని ఆలస్యం చేసి దేశానికి ద్రోహం చేశాడని. పనిలో ప్రయోగాలు ఫెయిలవడమే ఇక్కడ నేరం అయింది. పదేళ్ల శిక్ష వేశారు. ఇంట్లో డాక్టరు భార్య, మూడేళ్ల కూతురు.

1939లో ఆయన్ని కొలిమాకి పంపారు. సైబీరియాకి కూడా అవతల, బంగారు గనుల ప్రాంతం. మాల్ద్యాక్ అనే గనిలో కొన్ని నెలలు ఉన్నారు. స్కర్వీ వచ్చి పళ్లు ఊడిపోయాయి. ఇంకో చలికాలం ఉంటే తిరిగొచ్చేవారు కాదేమో. ఇక్కడ అమ్మ మరియా కదిలింది. దొరికిన ప్రతి అధికారికీ ఉత్తరాలు రాసింది. గ్రోమోవ్, గ్రిజొదుబొవా అనే ప్రసిద్ధ పైలట్లు ఆయన తరఫున మాట్లాడారు. కేసు మళ్లీ విచారించి శిక్షని ఎనిమిదేళ్లకి తగ్గించారు, వదిలిపెట్టలేదు. మాస్కోలో ఖైదీలైన ఇంజినీర్లతో విమానాలు డిజైన్ చేయించే ఒక జైలుకి మార్చారు. ఆ డిజైన్ బ్యూరోకి పెద్ద ఎవరో తెలుసా? తుపొలెవ్. డిప్లొమా గైడ్ కూడా ఖైదీయే. గురుశిష్యులిద్దరూ కిటికీలకి ఊచలున్న బిల్డింగులో కూర్చుని బాంబర్ విమానం గీశారు.

1942లో కజాన్‌కి మార్చారు. అక్కడ ఖైదీల ఇంజిన్ విభాగాన్ని నడుపుతున్నది గ్లుష్కో. ఎవరి వాంగ్మూలం తన కేసు ఫైల్లో ఉందో ఆ మనిషి కిందే కొరొల్యోవ్ పని చేశారు. 1944 జులైలో ఇద్దరూ విడుదలయ్యారు. విడుదలంటే శిక్ష రద్దు మాత్రమే. నేరమే చేయలేదని ప్రభుత్వం ఒప్పుకున్నది 1957లో, అంటే అరెస్టయిన 19 ఏళ్ల తర్వాత. నా మొత్తం వయసంత కాలం ఆయన కాగితాల మీద దేశద్రోహిగా ఉన్నారు. అందులో ఎక్కువ ఏళ్లు ఆ దేశం కోసమే పని చేస్తూ.

కంచె బయట

యుద్ధం అయ్యాక 1945లో జర్మనీ వెళ్లి అక్కడి వి-2 రాకెట్‌ని విప్పి చూసే పని అప్పజెప్పారు. ఆ అక్టోబర్‌లో బ్రిటిష్ వాళ్లు కుక్స్‌హావెన్‌లో ఒక వి-2ని ప్రయోగించి మిత్ర దేశాల వాళ్లకి చూపించారు. గ్లుష్కో అధికారికంగా లోపలికి వెళ్లారు. కొరొల్యోవ్ ఒక మామూలు కెప్టెన్ యూనిఫాం వేసుకుని కంచె బయటి నుంచి చూశారు. పన్నెండేళ్ల తర్వాత ప్రపంచం మొత్తం తలెత్తి చూడబోయే పని చేసే మనిషి ఆ రోజు అలా నిలబడి ఉన్నారు.

1946లో మాస్కో పక్కన పొద్‌లిప్కిలో కొత్త రాకెట్ సంస్థ పెట్టారు. కొరొల్యోవ్ అక్కడ చీఫ్ డిజైనర్. మొదట వి-2ని మక్కీకి మక్కీ సొంత ఫ్యాక్టరీల్లో తయారు చేయమన్నారు. అది ఆర్-1. ఆయనకి ఇష్టం లేదు, సొంత డిజైన్ చెయ్యాలని ఉంది. కానీ ఆ కాపీ కొట్టడంలోనే ఫ్యాక్టరీలు వెల్డింగ్, సీళ్లు, మిశ్రమ లోహాలు నేర్చుకున్నాయి. 1948 అక్టోబర్‌లో ఆర్-1 సరిగ్గా ఎగిరింది. తర్వాత ఆర్-2, ఆర్-5. ఒక్కొక్క మెట్టు.

ఇంట్లో మాత్రం మెట్లు కిందికే దిగాయి. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. కూతురు నతాషా చాలా ఏళ్లు తండ్రికి దూరంగానే ఉండిపోయింది.

ఆర్-7

1954 మేలో ప్రభుత్వం ఆర్-7కి అనుమతి ఇచ్చింది. కావలసింది ఖండాలు దాటి హైడ్రోజన్ బాంబు మోసుకెళ్లే క్షిపణి. ఉపగ్రహం ఎవరూ అడగలేదు. ఆ కల కొరొల్యోవ్‌దీ, ఆయన పాత గిర్డ్ మిత్రుడు తిఖొన్రావొవ్‌దీ. బాంబు కోసం అడిగిన రాకెట్‌ని ఉపగ్రహానికి కూడా సరిపోయేలా ఆలోచించారు.

ఇంజనీరింగ్ స్టూడెంట్‌గా నాకు బాగా నచ్చే భాగం ఇదే. అంత పెద్ద ఇంజిన్ కావాలంటే పెద్ద దహన గది కావాలి. గ్లుష్కో ఆ సైజు గదిలో ఇంధనం మండిస్తే మంట స్థిరంగా ఉండట్లేదు, కంపనాలతో ఇంజిన్ పగిలిపోతోంది. ఆయన పరిష్కారం ఏంటంటే, ఒక పెద్ద గది బదులు నాలుగు చిన్న గదులు పెట్టి, నాలుగింటికీ ఒకే పంపు. పెద్ద ప్రాబ్లమ్‌ని నాలుగు చిన్న ప్రాబ్లమ్స్‌గా విడగొట్టడం మనకి తెలిసిన విద్యే కదా. ఇంధనం కిరసనాయిలు, దాన్ని మండించడానికి ద్రవ ఆక్సిజన్.

ఇంకో సమస్య. గాల్లోకి వెళ్లాక రెండో దశ ఇంజిన్ అంటుకుంటుందో లేదో అప్పట్లో నమ్మకం లేదు. అందుకే మధ్యలో ఒక రాకెట్, చుట్టూ నాలుగు రాకెట్లు కట్టి, అన్నిటినీ నేల మీదే వెలిగించారు. ముఖ్యమైన గదులు 20, దిశ మార్చే చిన్నవి 12. వెలిగించడానికి ఒక్కో గదిలోకి కర్రకి కట్టిన మందు, పెద్ద అగ్గిపుల్లలాంటిది, కింద నుంచి దూర్చేవాళ్లు. రాకెట్ నేల మీద నిలబడదు. నాలుగు ఉక్కు చేతులు నడుం దగ్గర పట్టుకుని వేలాడదీస్తాయి. పైకి లేవగానే ఆ చేతులు పువ్వు విచ్చుకున్నట్టు వెనక్కి పడిపోతాయి.

ప్రయోగం కజఖ్‌స్తాన్ ఎడారిలో, త్యూరతామ్ అనే రైల్వే స్టేషన్ దగ్గర. 1957 మే 15న మొదటి రాకెట్ లేచింది. పక్క రాకెట్లలో ఒకదానికి మంట అంటుకుని 98 సెకన్లకి పోయింది. జూన్‌లో రెండోది ప్యాడ్ మీద నుంచి కదల్లేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి చివరికి దించేశారు. కారణం ఒక వాల్వుని తిరగేసి బిగించడం. జులై 12న మూడోది లేచింది, 33 సెకన్లకి తన చుట్టూ తాను తిరిగి ముక్కలైంది. కంట్రోల్ సిస్టంలో షార్ట్ సర్క్యూట్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1938లో ఇదే మనిషి ప్రయోగాలు ఫెయిలయ్యాయని ద్రోహి అనిపించుకున్నారు. ఇప్పుడు వరసగా మూడు ఫెయిల్. దేశంలోనే ఖరీదైన ప్రాజెక్టు, మాస్కో నుంచి వచ్చిన పెద్దలంతా చూస్తున్నారు. ఆయన మీద నేరస్థుడన్న ముద్ర తీసేసింది ఆ ఏడాదిలోనే. అలాంటి మనిషి ఇంకో రాకెట్ ప్యాడ్ మీదికి తెమ్మని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి. ఆగస్టు 21న నాలుగోది కామ్చట్కా దాకా వెళ్లింది. అయితే చివర్లో, వాతావరణంలోకి దిగేటప్పుడు, బాంబు స్థానంలో పెట్టిన ముక్కు భాగం ముక్కలైపోయింది.

ఆయనకి దారి దొరికింది అక్కడే. ముక్కు భాగాన్ని సరిచేయడానికి సమయం పడుతుంది. ఉపగ్రహమైతే తిరిగి దిగాల్సిన పనే లేదు. పైకి వెళ్తే చాలు. అసలు ప్లాన్ చేసిన పెద్ద ఉపగ్రహం ఆలస్యమవుతుంటే, అంతకుముందే ఒక చిన్నదాన్ని ప్రతిపాదించి ఒప్పించుకున్నారు. 58 సెంటీమీటర్ల గోళం, 83.6 కిలోలు, నాలుగు యాంటెన్నాలు, ఒక రేడియో, బ్యాటరీలు. అక్టోబర్ 4న అది కక్ష్యలోకి వెళ్లింది. లేచేటప్పుడు ఒక పక్క ఇంజిన్ ఆలస్యంగా అందుకుంది, ఇంకాస్త ఆలస్యమైతే కంట్రోల్ సిస్టమే ప్రయోగాన్ని ఆపేసేది.

ప్రపంచమంతా ఆ బీప్ బీప్ విన్నది. రాత్రిళ్లు జనం మేడలెక్కి ఆకాశంలో కదిలే చుక్కని చూసి స్పుత్నిక్ అన్నారు. నిజానికి అంత చిన్న గోళం మామూలు కంటికి ఆనడం చాలా కష్టం. జనం చూసింది దాని వెనకే కక్ష్యలోకి వెళ్లిన రాకెట్ మధ్య భాగాన్ని. అంటే కొరొల్యోవ్ చేసిన రాకెట్‌నే చూశారు. పేరు మాత్రం స్పుత్నిక్‌కి వెళ్లింది.

పేరు ఎక్కడ?

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ మీద ఎవరి పేరు ముందుండాలన్న దాని గురించి మా టీమ్‌లో రెండు రోజులు మాటల్లేవు. మనం ఒక చిన్న యాప్ చేసినా అదే రాత్రి లింక్డ్‌ఇన్‌లో పోస్ట్ పడుతుంది. తప్పేం కాదు, చేసిన పనికి గుర్తింపు కావాలనుకోవడం సహజం. కొరొల్యోవ్ కూడా ఏ సన్యాసో కాదు. కోపిష్టి, పంతం ఎక్కువ, తనమాటే నెగ్గాలనుకునే మనిషి. పేరు వద్దనుకున్నవాడు కాదు. పేరు ఇవ్వలేదు, అంతే.

విదేశీ గూఢచారుల నుంచి కాపాడడానికి అన్నారు. ఆయన ప్రావ్దా పత్రికకి వ్యాసాలు రాస్తే ప్రొఫెసర్ సెర్గేయెవ్ అన్న మారుపేరుతో వేశారు. నోబెల్ వాళ్లు స్పుత్నిక్ వెనకున్న మనిషి ఎవరని అడిగితే, క్రుశ్చేవ్ మొత్తం సోవియట్ ప్రజలే అని జవాబు పంపించారని చెబుతారు. 1961 ఏప్రిల్ 12న గగారిన్ 108 నిమిషాల్లో భూమిని చుట్టొచ్చారు. ఆయన్ని పైకి తీసుకెళ్లింది అదే ఆర్-7, పైన ఇంకో దశ చేర్చి. గగారిన్‌కి దేశదేశాల్లో ఊరేగింపులు జరిగాయి. చీఫ్ డిజైనర్ పేరు ఏ పేపర్లోనూ లేదు.

ఒకసారి ఖైదీగా పేరు పోయింది. రెండోసారి గౌరవం పేరుతో పోయింది. రెండుసార్లూ తీసుకున్నది ఒకే ప్రభుత్వం.

చంద్రుడు, కత్తెర

చంద్రుడి మీదికి మనిషిని పంపే ఎన్-1 రాకెట్ దగ్గర గ్లుష్కోతో గొడవ ముదిరింది. గ్లుష్కో నిలవ ఉండే విష ఇంధనాలు వాడదామన్నారు. అవి ఒకదానికొకటి తగిలితే చాలు, వాటంతటవే అంటుకుంటాయి. కొరొల్యోవ్ మనుషులెక్కే రాకెట్‌లో ఆ విషం వద్దన్నారు. 1960 అక్టోబర్‌లో అలాంటి ఇంధనంతో ఉన్న వేరే డిజైనర్ క్షిపణి ప్యాడ్ మీదే పేలి ఎంతోమంది చనిపోయారు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఇంజిన్ల కోసం కొరొల్యోవ్ విమాన ఇంజిన్లు చేసే కుజ్నెత్సొవ్ దగ్గరికి వెళ్లారు. ఆయన ఇచ్చినవి చిన్నవి. మొదటి దశకే 30 కావాల్సి వచ్చాయి. ఆ గొడవ వెనక కేసు ఫైల్లో ఉన్న పాత వాంగ్మూలం ఎంత, ఇంధనం ఎంత అన్నది వాళ్లిద్దరికే తెలియాలి. ఆ దేశంలో ఉన్న అత్యుత్తమ ఇంజిన్ డిజైనర్ మాత్రం చంద్రుడి రాకెట్‌కి పని చేయలేదు.

ఎన్-1 ఎగరడం ఆయన చూడలేదు. 1966 జనవరి 14న ఒక ఆపరేషన్ టేబుల్ మీద చనిపోయారు. స్వయంగా ఆరోగ్య మంత్రే సర్జన్. మామూలు ఆపరేషన్ అనుకున్నారు, లోపల పెద్ద కణితి బయటపడింది. ఎప్పుడో విచారణలో దెబ్బతిన్న దవడ వల్ల శ్వాస గొట్టం పెట్టడం కష్టమైందని చెబుతారు. అప్పటికి 59 నిండి రెండు రోజులు. జనవరి 16న ప్రావ్దాలో ఫోటోతో, పూర్తి పేరుతో వార్త వచ్చింది. చీఫ్ డిజైనర్ ఎవరో సోవియట్ జనానికి తెలిసింది ఆ రోజే. చితాభస్మాన్ని క్రెమ్లిన్ గోడలో పెట్టారు. తర్వాత ఎన్-1 నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ కూలింది.

మన దాకా వచ్చింది

ఆర్-7 క్షిపణిగా పెద్దగా పనికిరాలేదు. గంటల తరబడి నింపాలి, నింపాక ఆక్సిజన్ ఆవిరైపోతుంది, యుద్ధంలో అంత టైం ఎవరిస్తారు? కానీ ఉపగ్రహాలకి దానికంటే నమ్మకమైన రాకెట్ దొరకలేదు. ఆ కుటుంబం 1800కి పైగా సార్లు ఎగిరింది. ఇప్పటి సోయుజ్ అదే. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో వెళ్లింది దాని మీదే. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం వెళ్లింది కూడా దాని వారసుడి మీదే.

ఇంకో పోగు నేరుగా మన శ్రీహరికోట దాకా వస్తుంది. గగారిన్‌ని కిందికి దించిన బ్రేక్ ఇంజిన్ చేసింది అలెక్సీ ఇసాయెవ్ బృందం. అదే బృందం ఎన్-1 కోసం ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే ఇంజిన్ ఒకటి తయారు చేసింది. ఎన్-1 ఆగిపోవడంతో అది దాని మీద ఎప్పుడూ ఎగరలేదు. 1991లో ఆ ఇంజిన్ కోసం మన దేశం ఒప్పందం చేసుకుంది. క్షిపణుల టెక్నాలజీ అని అమెరికా అడ్డు చెప్పింది. హైడ్రోజన్ ఇంకా త్వరగా ఆవిరైపోతుంది, దానితో క్షిపణి ఎవరూ చేయరు. అయినా రష్యా టెక్నాలజీ ఇవ్వకుండా, తయారైన దశలు మాత్రమే ఇచ్చింది. 2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి లేచిన మొదటి జీఎస్‌ఎల్‌వీ పైదశలో మండింది ఆ ఇంజినే. ఆ తరహాలోనే మన వాళ్లు సొంతంగా చేసుకున్నది 2014 జనవరి 5న విజయవంతమైంది.

ఈసారి పులికాట్ అవతల నుంచి జీఎస్‌ఎల్‌వీ లేచినప్పుడు టీవీ కింద కొన్ని పేర్లు స్క్రోల్ అవుతాయి. డైరెక్టర్, మిషన్ డైరెక్టర్, అంతవరకే. వాల్వు సరిగ్గా బిగించిన టెక్నీషియన్ పేరు అందులో ఉండదు. కానీ ఆ వాల్వు ఉంటుంది, పని చేస్తుంది. త్యూరతామ్‌లో ఒక వాల్వు తిరగబడితే ఏమైందో ఇప్పుడు మనకి తెలుసు.